వ్యాగన్ ఆర్‌లో వీఎక్స్ఐనా, జెడ్ఎక్స్ఐ ప్లస్సా? ముందు నాన్నగారి మోకాలి సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ. ఉండేది కందుకూరు. నాన్నగారు రిటైరైన టీచరు, అరవై నాలుగేళ్ళు, బండి ఎక్కువగా ఆయనే నడుపుతారు. నెలకు నాలుగైదు సార్లు ఒంగోలు, ఏడాదికి రెండుసార్లు తిరుమల, అప్పుడు మాత్రం ఐదుగురు ఎక్కుతారు. కారు మారుతి వ్యాగన్ ఆర్ అని తేలిపోయింది. అందులో కింది నుంచి పైకి ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ ప్లస్ అని నాలుగు రకాలు, వీటినే వేరియంట్లు అంటారు. వీఎక్స్ఐ చాలా, జెడ్ఎక్స్ఐ ప్లస్ దాకా వెళ్ళాలా అన్నదే తేలడం లేదు. పన్నులు, బీమా అన్నీ కలిపిన ఆన్‌రోడ్ ధరలో రెండింటికీ తేడా లక్ష దాకా వస్తోంది. షోరూం కుర్రాడేమో "ప్లస్ అయితేనే రీసేల్ సార్" అంటున్నాడు. ఇవన్నీ రాసి చిట్టచివర, నాన్నగారికి ఎడమ మోకాలు నొప్పి అని ఒక ముక్క రాశారు. నాకు ముందు కనబడింది ఆ ముక్కే.

నా సమాధానం: ఆ రెండూ కాదు. జెడ్ఎక్స్ఐ ఏజీఎస్ తీసుకోండి. ఏజీఎస్ అంటే క్లచ్ పెడల్ లేని గేరు. జెడ్ఎక్స్ఐ నుంచి ప్లస్‌కు వెళ్ళడానికి ఎంత పెట్టాలో, అదే జెడ్ఎక్స్ఐని ఏజీఎస్‌లో తీసుకోవడానికీ ఇంచుమించు అంతే పెట్టాలి. అంటే షోరూంలో మీకు చూపిస్తున్న డబ్బులోనే నాన్నగారి ఎడమ కాలికి విశ్రాంతి దొరుకుతుంది. అంత పెట్టలేమనుకుంటే వీఎక్స్ఐ ఏజీఎస్. అదీ కాదంటే మామూలు వీఎక్స్ఐ. ప్లస్ మాత్రం మీ జాబితాలో ఉండాల్సిన పని లేదు.

నేనెవరో కూడా చెప్పాలి. ఒంగోలులో ఒక షోరూం సర్వీసు విభాగంలో ఏడేళ్ళు చేశాను, తర్వాత పదకొండేళ్ళుగా కర్నూలు రోడ్డు పక్కన సొంత షెడ్డు. పాత బండ్లు కొనేవాళ్ళు చూపించుకోవడానికి నా దగ్గరికే తెస్తారు. అందువల్ల ఒకే బండి కొత్తగా ఉన్నప్పుడు యజమాని ఏం చూసి మురిసిపోయాడో, ఆరేళ్ళ తర్వాత కొనేవాడు ఏం చూసి బేరమాడాడో రెండూ చూసే అవకాశం నాకు దొరికింది.

వేరియంట్ దగ్గర నేను వేసే లెక్క ఒకటే. తర్వాత బయట పెట్టించుకోలేనివాటికి డబ్బు పెట్టండి. బయట దొరికేవాటికి షోరూంలో పెట్టకండి. ఇంజను తర్వాత మార్చలేం. గేరుబాక్సు మార్చలేం. వెనకద్దం మీద తుడుపు (వైపర్), ఆవిరి పోగొట్టే గీతలు కంపెనీ నుంచి రావాల్సిందే. స్క్రీను, స్పీకర్లు, అల్లాయ్ వీల్స్, సీటు కవర్లు నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలులోనో ఏ ఆదివారమైనా దొరుకుతాయి. ప్లస్‌లో అదనంగా వచ్చే వాటిలో చాలా వరకు ఈ రెండో రకమే.

ఇక ఇంజను. ఈ బండిలో అసలు మెట్టు వీఎక్స్ఐకీ జెడ్ఎక్స్ఐకీ మధ్యనే ఉంది. ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలలో వచ్చేది 998 సీసీ, మూడు సిలిండర్లది. జెడ్ఎక్స్ఐ, ప్లస్‌లలో వచ్చేది 1197 సీసీ, నాలుగు సిలిండర్లది. చిన్నదానికి 67 పీఎస్ శక్తి, 89 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. పెద్దదానికి 90 పీఎస్, 113 న్యూటన్ మీటర్లు. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు, మైలేజీలో కూడా లేదు. మాన్యువల్ గేరుకు కంపెనీ చెప్పే లెక్క చిన్నదానికి లీటరుకు 24.35 కిలోమీటర్లు, పెద్దదానికి 23.56. రోడ్డు మీద ఆ అంకె ఎవరికీ రాదనుకోండి, కానీ ఆ తేడా మాత్రం అంతే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి, మూడు సిలిండర్లకూ నాలుగు సిలిండర్లకూ ఉన్న తేడా చేతికే తెలిసిపోతుంది.

కందుకూరు నుంచి సింగరాయకొండ వెళ్ళి హైవే ఎక్కి ఒంగోలు రావడానికి చిన్న ఇంజను బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇద్దరు మనుషులు, ఏసీ, ఎనభై స్పీడు. ఏ లోటూ ఉండదు. మీరు ఈ ప్రయాణం ఒక్కటే రాసి ఉంటే వీఎక్స్ఐ అని చెప్పి ఊరుకునేవాణ్ణి. తిరుమల అన్నారు, ఐదుగురు అన్నారు, అక్కడ లెక్క మారింది. పైకి వెళ్ళే రెండో ఘాట్ రోడ్డులో ఐదుగురితో, సామానుతో, ఏసీతో చిన్న ఇంజను ఎక్కదని కాదు, ఎక్కుతుంది. కాకపోతే రెండో గేరులో గోల పెట్టుకుంటూ ఎక్కుతుంది. నా దగ్గరికి సర్వీసుకు వచ్చే ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి మే నెలలో వీఎక్స్ఐ వేసుకుని కుటుంబంతో కొండకు వెళ్ళి వచ్చారు. "ఏసీ ఆపితే గానీ కదల్లేదయ్యా, మా ఆవిడ నన్ను తిడుతూనే ఉంది, నేను ఇంజన్ని తిడుతూ ఉన్నా" అన్నారు. ఇంజనులో ఏదో లోపముందని తెచ్చారు. లోపమేమీ లేదు. ఆ ఇంజను అంతే, ఆ బరువు అంతే.

ఏడాదికి రెండుసార్ల కోసం పెద్ద ఇంజనా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. హైవే మీద గ్రానైటు లారీని దాటేటప్పుడు కూడా ఆ బలం పనికొస్తుంది, అది ఏడాదికి రెండుసార్లు కాదు, వెళ్ళిన ప్రతిసారీ. వయసు పైబడినవాళ్ళు ఓవర్‌టేక్ చేసేటప్పుడు గేరు దింపరు, ఉన్న గేరులోనే తొక్కుతారు. అప్పుడు వెంటనే లాగే ఇంజను ఉంటే దాటడానికి పట్టే సమయం తగ్గుతుంది. ఎదురుగా వచ్చేవాడికీ మేలే.

ఇప్పుడు ఏజీఎస్. దీని గురించి బజార్లో సగం పొగడ్త, సగం శాపనార్థాలు. రెండింట్లోనూ నిజముంది. ఇది పెద్ద కార్లలో ఉండే మెత్తటి ఆటోమేటిక్ కాదు. లోపల ఉన్నది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మీ కాలు చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది, అంతే. అందుకే గేరు మారేటప్పుడు ఒక్క క్షణం బండి ఊపిరి బిగబట్టినట్టు ఆగి మళ్ళీ కదులుతుంది, కూర్చున్నవాళ్ళ తలలు ఊగుతాయి. మొదటి వారం నాన్నగారు "ఇదేం బండిరా" అంటారు, ఖాయం. గేరు మారబోతోందని తెలిసినప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం వదలమనండి, ఆ ఊపు సగం తగ్గిపోతుంది. పది రోజుల్లో పట్టు దొరుకుతుంది.

మూడు జాగ్రత్తలు ఆయనకు గట్టిగా చెప్పాలి. ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కిపట్టి బండిని నిలబెట్టకూడదు, బ్రేకు మీదే నిలబెట్టాలి. అలా తొక్కిపట్టే క్లచ్ ప్లేట్లు కాల్చుకుంటారు, నా షెడ్డుకు వచ్చే ఏజీఎస్ ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. రైలు గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగాల్సి వస్తే న్యూట్రల్‌లో పెట్టాలి. తిరుమల నుంచి దిగేటప్పుడు గేరు మీటను డి లో (గేర్లు వాటంతటవే మారే చోట) వదిలేసి బ్రేకు మీద బ్రేకు వేయకూడదు, మీట ఎం లోకి (మనమే గేరు మార్చుకునే చోటికి) జరిపి గేరు రెండులో పెట్టుకుంటే ఇంజనే బండిని పట్టుకుంటుంది. ఆ చివరిది మాన్యువల్ నడిపినవాళ్ళకు చెప్పకుండానే తెలుసు, ఆటోమేటిక్‌కు మారగానే ఎందుకో మర్చిపోతారు.

దీని లోటు కూడా దాచను. ఆ క్లచ్ నడిపే యంత్రం వారంటీ అయిపోయాక పాడైతే ఖర్చు బాగానే అవుతుంది, ఊళ్ళో మెకానిక్కు విప్పి బాగుచేసే వస్తువు కూడా కాదు. ఒంగోలుకో నెల్లూరుకో రావాలి. అందుకని ఏజీఎస్ తీసుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ తప్పకుండా తీసుకోండి. నేను మాన్యువల్ బండ్లకు దాన్ని పెద్దగా సిఫారసు చేయను, దీనికి చేస్తాను. మా షెడ్డుకు వచ్చే ఒక లెక్చరరు అమ్మగారు ఇలాగే మోకాలి నొప్పితో కారు మానేసి ఆటోలో తిరిగేవారు. ఏజీఎస్ తీసుకున్నాక మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నారు. మొన్న సర్వీసుకు వచ్చినప్పుడు మీటరు చూస్తే ఏడాదిన్నరకు పద్దెనిమిది వేల కిలోమీటర్లు.

వెనకద్దం తుడుపు సంగతి చాలామంది నవ్వి వదిలేస్తారు. ఈ బండికి అది అవసరమే. వ్యాగన్ ఆర్ వెనక భాగం గోడ కట్టినట్టు నిటారుగా ఉంటుంది కదా, చక్రాలు లేపిన దుమ్ము, బురద అంతా చుట్టు తిరిగి వచ్చి ఆ అద్దం మీదే కూర్చుంటుంది. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఒక్కోసారి తుపానుతో కలిసి వారాల తరబడి. అప్పుడు సందులో రివర్స్ తీసేటప్పుడు ఏమీ కనబడదు. అన్ని వేరియంట్లలోనూ వెనక సెన్సర్లు ఉంటాయి, అవి కూస్తాయి సరే. కూసింది అరుగుకా, అరుగు మీద కూర్చున్న మనిషికా అని చూడాలంటే అద్దం శుభ్రంగా ఉండాలి. నేను చూసిన బండ్లలో ఇది జెడ్ఎక్స్ఐ నుంచే ఉంది, కింది వాటిలో లేదు. అయితే ఏ సౌకర్యం ఏ వేరియంట్‌లో ఇస్తారన్నది కంపెనీ మధ్యమధ్య మారుస్తూ ఉంటుంది కాబట్టి, బుక్ చేసే రోజున ఆ నెల బ్రోచరు చేతిలో పెట్టుకుని బండి మీద వేలు పెట్టి చూసుకోండి. నోటిమాట నమ్మకండి.

ప్లస్‌లో మీకు చూపించి ఉంటారు, ఏడంగుళాల స్క్రీను, అల్లాయ్ వీల్స్, ముందు ఫాగ్ లైట్లు. స్క్రీను మీద మ్యాపు చూడటం బాగుంటుంది, కాదనను. నాన్నగారు కందుకూరు నుంచి ఒంగోలుకు మ్యాపు పెట్టుకుని వెళతారా? అల్లాయ్ విషయానికొస్తే, నాకైతే మన రోడ్లకు ఇనుప చక్రమే ఇష్టం. చీమకుర్తి వైపు గ్రానైటు లారీలు తిరిగే రోడ్డు మీద ఒకాయన ప్లస్ బండి గుంటలో పడి అల్లాయ్ అంచు పగిలింది. కొత్తది తెప్పించడానికి నాలుగు రోజులు స్టెప్నీ మీద తిరిగాడు. అదే గుంటలో ఇనుప రిమ్ అయితే వంగేది, పంచర్ షాపులో సుత్తితో నాలుగు దెబ్బలు వేసి సరిచేసి పంపేవాళ్ళు.

"ఎట్టాగూ కొంటన్నాం గదా, ఇంకొంచెం ఏస్తే పైది వస్తది" అనే మాట ఉందే, మన జిల్లాల్లో షోరూములన్నీ ఆ మాట మీదే నడుస్తున్నాయి. లక్ష రూపాయలు తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్ళ అప్పులో కలిపితే నెలకు సుమారు 2,076 రూపాయల కిస్తీ, చివరికి లక్షా ఇరవై నాలుగు వేల పైచిలుకు. దాని మీద లైఫ్ టాక్సు కూడా ధరలో శాతంగానే కదా, అది కూడా పెరుగుతుంది. ఆ డబ్బు మోకాలికి పెడితే నాకు అభ్యంతరం లేదు, అల్లాయ్‌కి పెడితే ఉంది.

రీసేల్ సంగతి. పోయినేడాది ఒకే నెలలో నా షెడ్డులో రెండు 2019 బండ్లు అమ్ముడుపోయాయి, ఒకటి వీఎక్స్ఐ, ఒకటి జెడ్ఎక్స్ఐ. కొత్తగా ఉన్నప్పుడు వాటి మధ్య ఉన్న తేడాలో సగం కూడా చేతికి రాలేదు. కొనడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగింది ఎన్ని కిలోమీటర్లు, ఎంతమంది చేతులు మారింది, సర్వీసు కాగితాలు ఉన్నాయా. వేరియంట్ నాలుగో ప్రశ్న. పై వేరియంట్ తొందరగా అమ్ముడవుతుందంటే ఒప్పుకుంటాను, పెట్టిన డబ్బు తిరిగొస్తుందంటే ఒప్పుకోను. సరిగ్గా వాడిన వీఎక్స్ఐకి కాగితాలు లేని ప్లస్ కంటే మంచి ధర పలకడం నేను చాలాసార్లు చూశాను.

మరీ దిగి ఎల్ఎక్స్ఐ తీసుకుంటే? అది చెడ్డ బండి కాదు. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయన ఎల్ఎక్స్ఐ వాడుతున్నాడు, మేత బస్తాలు వేసుకుని గట్ల మీద తిరుగుతాడు. దానికి పదమూడంగుళాల చక్రం, 155/80 టైరు, గోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి గతుకులు బాగా మింగుతుంది. ఆయనకు అదే సరైనది. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని కింద పూత వేయించుకున్నాడు, పాటలు ఫోనులో వింటాడు. పేచీ ఎక్కడొస్తుందంటే, ఎల్ఎక్స్ఐ కొని దాన్ని వీఎక్స్ఐ చేద్దామనుకున్నప్పుడు. మా బావమరిది అదే చేశాడు, నేను వద్దన్నా వినలేదు. మ్యూజిక్ సిస్టమ్, స్పీకర్లు, వెనక పవర్ విండోలు, రిమోట్ తాళం అన్నీ బయట పెట్టించాడు. లెక్క వేస్తే వీఎక్స్ఐ ధర దాటిపోయింది. వైర్లు కోసి అతికించారు, రెండో వానాకాలానికి తలుపులోకి నీళ్ళు దిగి షార్టయి, సగం అద్దం దిగి ఆగిపోయింది. సర్వీసుకు తీసుకెళ్తే "బయట వైరింగు కదా, వారంటీలో రాదు" అన్నారు. నాకు బాధేసినా, వాళ్ళన్నది తప్పు కాదు. బయట పెట్టించాల్సినవి రెండుకు మించితే పై వేరియంటే చవక. ఇందాక నేను చెప్పిన లెక్కకు ఇది అవతలి వైపు.

సీఎన్‌జీ గురించి మీరు అడగలేదు, అడగకముందే చెబుతాను. ఈ బండిలో అది చిన్న ఇంజనుకే వస్తుంది, ఏజీఎస్‌తో రాదు, సిలిండరు డిక్కీ తినేస్తుంది. నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగే మీకు అక్కర్లేదు.

భద్రత కోసం పై వేరియంట్ తీసుకోండని ఎవరైనా అంటే, 2025 నుంచి అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి, ఆ మాట ఇప్పుడు చెల్లదు. కార్లను ఢీకొట్టించి చూసి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2023లో ఈ బండికి పెద్దల రక్షణలో ఒక్క స్టారే వచ్చింది, అప్పటి బండిలో రెండే ఎయిర్‌బ్యాగులు. బ్యాగులు పెరిగినంత మాత్రాన బాడీ మారిపోదు. ఏ వేరియంట్ కొన్నా వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్టు పెట్టుకోవాల్సిందే, కొండకు వెళ్ళేటప్పుడు మరీనూ. పాతది చూద్దామనే ఆలోచన ఉంటే ఒక గుర్తు చెబుతాను. 2019 నుంచి 2021 వరకు వచ్చిన ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలలో పేరు చివర బ్రాకెట్లో ఓ అనే అక్షరం ఉంటేనే పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు. లేకపోతే డ్రైవరుకొక్కడికే.

పెద్ద ఇంజనుకు ఒక చిన్న అదనపు ఖర్చు కూడా ఉంది, షోరూంలో ఎవరూ చెప్పరు. థర్డ్ పార్టీ బీమా సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం కొత్త కారుకు మూడేళ్ళకు కలిపి కట్టేది వెయ్యి సీసీ లోపు అయితే 6,521 రూపాయలు, దాటితే 10,640, జీఎస్టీ అదనం. వేరియంట్ మార్చుకునేంత మొత్తం కాదు, తెలిసి కట్టడం వేరు కదా. బీమా షోరూంలోనే చేయించాలన్న నియమం కూడా లేదు, బయట ధర అడిగి వెళ్ళి చూపించండి, అక్కడే తగ్గిస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు పెట్రోలు కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి 29 శాతం నుంచి 18కి దిగింది, కాబట్టి మీ చుట్టాలు అంతకుముందు కొన్న ధరతో పోల్చి కంగారు పడకండి.

ఇప్పుడు చేయాల్సింది. షోరూంకు ఫోను చేసి టెస్ట్ డ్రైవుకు ఏజీఎస్ బండే కావాలని అడగండి. "అది లేదు సార్, ప్లస్ మాన్యువల్ ఉంది, అంతా ఒకటే" అంటారు. ఒకటే కాదు. జెడ్ఎక్స్ఐ ఏజీఎస్ లేకపోతే ప్లస్ ఏజీఎస్ అయినా పర్లేదు, ఇంజనూ గేరూ అవే. నాన్నగారిని డ్రైవరు సీట్లో, అమ్మగారిని వెనక, ఇంకో ఇద్దరిని ఎక్కించుకుని, ఏసీ వేసి, ఏదైనా ఫ్లైఓవరు ఎక్కించండి. సగంలో ఆపి మళ్ళీ కదిలించమనండి. పంచె కట్టుకునే అలవాటుంటే పంచెలోనే రమ్మనండి, ఎక్కి దిగి చూడాలి. 1675 మిల్లీమీటర్ల ఎత్తున్న బండి కాబట్టి వంగకుండా కూర్చోవడం అన్ని వేరియంట్లలోనూ ఒకటే, పెద్దవాళ్ళు ఈ బండిని కోరుకునేదే అందుకు.

బుక్ చేసేటప్పుడు ఛాసిస్ నంబరు అడిగి బండి తయారైన నెల తెలుసుకోండి. పోయినేడాది స్టాకు అయితే తీసుకోవచ్చు, తగ్గింపు ఎంతో గట్టిగా అడగాలి. నల్ల రంగు తెల్ల రంగు మీ ఇష్టం, మన ఎండలకు నేనైతే తెలుపే అంటాను. కొటేషన్ వచ్చాక ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. అందులో యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ అని రాసిన లైన్లు కూడా కనబడేలా ఫోటో తీయండి, ముందు చూడాల్సినవి అవే.